తిరిగే పళ్లెం, తిరగని వెలుగు

వేగం కోసం మార్చుకున్న పాత కారు, అంటే హాట్ రాడ్, కనబడితే చాలామంది కళ్లు ముందు ఇంజను మీదికి పోతాయి. నావి చక్రం మీదికి దిగుతాయి. అక్కడ మూన్ డిస్క్ ఉందంటే ఇక కాసేపు తక్కిన కారుతో నాకు పని లేదు. చక్రాన్ని మూసే గుండ్రటి అల్యూమినియం రేకు, మధ్యలో చిన్న ఉబ్బు, అంచు దగ్గర మూడు స్క్రూలు, అంతే. నగిషీ లేదు, రంగు లేదు.

దాని సొగసు కారు కదిలాక చూడాలి. ఆకులున్న చక్రం తిరిగేటప్పుడు తిరుగుతున్నానని చాటుకుంటూనే ఉంటుంది. ఈ పళ్లెం చాటుకోదు. దాని ఒంటి మీద గ్రామఫోన్ రికార్డుకున్నట్టు సన్నటి వలయాలుంటాయి. ఎండ పడితే అవన్నీ కలిసి నడుమ నుంచి అంచు దాకా ఒక వెలుగు రేకను గీస్తాయి. ఆ రేక ఎక్కడ పడాలో ఎండా, మన కళ్లూ కలిసి తేలుస్తాయి. చక్రానికి అందులో ప్రమేయం లేదు. అందుకే లోహం గిరగిరా తిరుగుతున్నా వెలుగు ఉన్నచోటే ఉంటుంది. గుట్టు బయటపెట్టేవి ఆ మూడు స్క్రూ తలలే. వేగం పెరిగితే అవీ ఒక పలచటి గీతలో కలిసిపోతాయి.

ఇంత అందమూ అందం కోసం పుట్టింది కాదు. దక్షిణ కాలిఫోర్నియాలో మ్యూరాక్, ఎల్ మిరాజ్ అనే ఎండిన సరస్సులున్నాయి. పాత ఫోర్డుల బరువు తగ్గించి కుర్రాళ్లు ఆ నేలల మీద పందేలాడేవారు. 1949లో యూటాలోని బోనవిల్ ఉప్పు మైదానానికీ వెళ్లారు. యుద్ధ విమానాల కింద వేలాడిన పెట్రోలు ట్యాంకులకు కూడా చక్రాలు తగిలించి పరుగెత్తించిన రోజులవి. పరుగెత్తే కారులో చక్రం పైఅంచు కారుకు రెట్టింపు వేగంతో ముందుకు పోతుంది. చక్రంలో గుంటలూ కంతలూ ఉంటే అది గాలిని కవ్వంలా చిలుకుతుంది. మూసేస్తే గాలి జారిపోతుంది. ఆ మూతే ఈ పళ్లెం.

పళ్లేనికి తన ఇంటిపేరిచ్చిన డీన్ మూన్ ఆ పందేల మనిషే. లాస్ ఏంజెలిస్ దగ్గర శాంటా ఫే స్ప్రింగ్స్‌లో ఆయన దుకాణం. 1962లో రేసింగ్ డ్రైవర్ క్యారొల్ షెల్బీ తన మొదటి కోబ్రా కారులో ఫోర్డు ఇంజనును దించింది కూడా అక్కడే. మూన్ 1987లో పోయారు. తర్వాత ఆ పేరును జపాన్‌కు చెందిన షిగే సుగానుమా నిలబెట్టారు. చంద్రుడి పేరున్న మనిషి ఇంత చంద్రబింబం లాంటి వస్తువు చేయడం కథలో రాస్తే అతికించినట్టుందని కొట్టేస్తాం.

దీన్ని చేసే తీరు నాకు మరీ ఇష్టం. లేతుకు పళ్లెం ఆకారంలో ఒక దిమ్మ బిగిస్తారు. గుండ్రంగా కోసిన రేకును దానికి ఆనించి నొక్కిపెడతారు. లేతు తిరుగుతుంటే, పొడుగు పిడి ఉన్న నున్నటి మొన పనిముట్టును పనివాడు చంకలో ఇరికించుకుని, ఒళ్లంతా దాని మీద వాల్చి, రేకును కొద్దికొద్దిగా దిమ్మ మీదికి పడుకోబెడతాడు. రేకు గీసుకుపోకుండా సబ్బో కొవ్వో రాస్తాడు. తొందరపడితే అంచు చీర కుచ్చిళ్లలా ముడతలు పడుతుంది. అదేపనిగా రుద్దితే లోహం బిరుసెక్కి పగులుతుంది. ఈ రెండింటి మధ్య ఎక్కడ ఆపాలో అరచేతికి తెలియాలి. ఆ వత్తుడుకే పలచటి రేకు గట్టిపడుతుంది. నడుమ ఉబ్బు లేకపోతే అది డబ్బా మూతలా టకటకలాడుతుంది. వెలుగును పట్టే ఆ వలయాలు వేరే అలంకారం కాదు, పనిముట్టు నడిచిన దారి.

మన సత్తు గిన్నెల్లోనూ ఇలా వత్తినవి ఉన్నాయి. అలాంటి గిన్నెను తోమి ఎండలో బోర్లించి తిప్పి చూడండి, అదే రేక కనిపిస్తుంది.

పాతవాటి కోసం వెతికేవాళ్లు సంతల్లో నూనె డబ్బాల వెనకా, తుప్పు బంపర్ల కిందా చెయ్యి పెడతారు. చిన్న సొట్ట ఉన్నా నాకు అభ్యంతరం లేదు. అద్దంలా పాలిష్ పట్టించి వలయాలన్నీ చెరిపేసిన పళ్లెం చూస్తేనే ప్రాణం ఉసూరుమంటుంది. క్రోమ్ పూసిన ఇనప నకళ్లదీ అదే లోటు. వాటిలో చెట్టూ పుట్టా కనిపిస్తాయి గానీ ఆ తెల్లటి రేక ఉండదు. అసలైనదానికీ లోపాలు లేకపోలేదు. గాలి కొట్టించాలంటే కొన్నింటికి స్క్రూలు విప్పాల్సిందే. రోడ్డు మీద తిప్పితే లోపల బ్రేకుల వేడికి బయటికి దారి తక్కువ. కొందరు కంతలు పొడుస్తారు. వాళ్ల అవసరాన్ని కాదనలేను గానీ, ఆ కంతలతో చక్రం మళ్లీ మాటలు మొదలుపెడుతుంది.

పందెం అయ్యాక కారు ఉప్పు మీద నెమ్మదించి ఆగుతుంది. ముందు చక్రం స్క్రూలు ఒక తీరున, వెనక చక్రానివి ఇంకో తీరున ఆగుతాయి. రెండు పళ్లేల మీదా వెలుగు రేకలు మాత్రం ఒకే వైపు వాలి ఉంటాయి.