నిదానము మఱచిన చికిత్స

నిదానమను మాటకు సంస్కృత వైద్యశాస్త్రమున రోగకారణమని యర్థము. మాధవకరుని రోగనిర్ణయ గ్రంథము మాధవనిదానమనియే ప్రసిద్ధి. తెనుగున నదే మాట తొందరలేమిని దెలుపును. నేటి మన చికిత్సలో నీ రెండర్థములును గానరావు. కీలు నొచ్చినచో మాత్ర. నొప్పి తగ్గినచో రోగము పోయినదని తృప్తి.

ఇరువదియేండ్ల క్రిందట మేము నల్లగొండ జిల్లాలోని యొక పల్లెబడిలో బోధించుచుంటిమి. ఒక బాలుని పండ్లపై గోధుమరంగు చారలు చూచి, తరగతి యెదుట నిలిపి, పండ్లు తోముకొని రమ్మని మందలించితిమి. వాడు మఱునాడు చిగుళ్లు నెత్తురు గాఱునట్లు తోముకొని వచ్చెను. చారలు పోలేదు. అవి మురికి కావు. పంటిపై గట్టిపొర యేర్పడు పసితనమునందే త్రాగునీటిలోని ఫ్లోరైడు చేసిన చెఱుపు. వాని తండ్రి నలుబదియేండ్లకే నడుము వంగినవాడు. నెలనెలకు నొప్పిమాత్రలు కొని, వానిని మ్రింగుటకు ఆ బోరునీటినే త్రాగుచుండెను!

ఇది క్రొత్తగా తెలిసిన రోగమా? 1937లోనే మదరాసు రాజధానిలో వైద్యులు దీనిని గుర్తించి, కారణము నీరని ప్రకటించిరి. లీటరునకు 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడు హద్దని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పినది. అంతకు మిక్కిలి మించిన నీటిని ఏండ్లతరబడి త్రాగినవారి కీళ్లు బిగిసి, వెన్ను వంగును. వంగిన వెన్నును నిలుపు మందు నేటికిని లేదు. నీరు కాచినచో ఫ్లోరైడు పోదు సరికదా, నీరావిరియైన కొలది దాని పాలు హెచ్చును. మేమును చాలకాలము కాచి, గుడ్డతో వడగట్టి త్రాగుచు, జాగ్రత్తపరులమని గర్వించితిమి.

వైద్యులను నిందింపము. మూల్గువానికి మాత్ర నీయకుండుట క్రౌర్యమే. కాని మాత్ర వ్రాయుచు 'ఏ నీరు త్రాగుచున్నావు?' అని యడుగుటకు నిమిషము పట్టదు గదా! పటిక, సున్నములతో ఫ్లోరైడును దిగదీయు పద్ధతిని 1970వ దశకమున నాగపురపు శాస్త్రజ్ఞులు రూపొందించిరి. దానికి నల్లగొండ పేరే పెట్టిరి. మంచి పద్ధతియే. దినదినము కొలిచి కలుపువాడు లేనిచో మాత్రము తొట్టి మిగులును, ఫ్లోరైడును మిగులును. నదీజలమును గొట్టములలో దెచ్చుటయే మేలు. అట్టి నీరు పల్లెలకు వచ్చినది. వచ్చిన పిదపను చేలలో దాహమునకు పాతబోరే దిక్కైన కుటుంబముల మేమెఱుగుదుము.

కారణము తెలిసిన పిమ్మట, ఆ బాలుని మరల తరగతి యెదుట నిలిపి, తప్పు నీది కాదు, నీటిదని చెప్పితిమి. వాడు నవ్వెను, పెదవులు విప్పకయే.