దెబ్బకు తూకం

ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ ఉక్కు కార్ఖానాల ఊరు. అక్కడి కార్మికులు సాయంత్రాలు చేరే క్లబ్బుల్లో హెరోల్ గ్రాహం అనే కుర్రవాడు చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడేవాడు. ఎవరైనా వచ్చి కొట్టవచ్చు. తాగినవాళ్లు, తాగనివాళ్లు, ఒకప్పుడు మేమూ గ్లవ్స్ తొడిగామని చెప్పుకునేవాళ్లు వరసగా వచ్చి గాలిని గుద్ది వెళ్లిపోయేవారు. ఎదుటివాడి భుజం కదిలేసరికే గ్రాహం తల అక్కడ ఉండేది కాదు. నడుము మీద ఇంత వాలడం, కాలు అంత జరపడం, అంతే. అతనికి ప్రపంచ టైటిల్ ఎన్నడూ దక్కలేదు. అయినా దెబ్బ తప్పించుకునే విద్యలో అతన్ని మించినవాడు బ్రిటన్‌లో పుట్టలేదని ఎవరితోనైనా, ఎంతసేపైనా వాదించడానికి నేను సిద్ధం.

ఆ విద్య అతనికి అబ్బింది వింకోబాంక్ పేటలోని ఒక చర్చి హాలులో. గురువు డబ్లిన్ నుంచి వలస వచ్చిన బ్రెండన్ ఇంగిల్. హాలు నేల మీద గీతలు గీసి ఉండేవి. పిల్లలు గంటల తరబడి ఆ గీతల మీద అడుగులు మార్చడం నేర్చుకునేవారు. ఆ తర్వాతే రింగు. రింగులోకి దిగితే ఒక కట్టుబాటు: సాధన కోసం ఇద్దరు ఆడే స్పారింగ్‌లో తల మీద కొట్టకూడదు. మెడకు దిగువన, బెల్టుకు ఎగువన మాత్రమే. ఈ ఒక్క నియమం వల్ల ఆ జిమ్‌లో ప్రపంచంలో చాలాచోట్ల కుదరని పని కుదిరింది. బడికెళ్లే పిల్లవాడు జాతీయ చాంపియన్‌తో రింగులో తిరిగేవాడు. నసీమ్ హమెద్ ఏడేళ్ల వయసునుంచి అలా పెద్దవాళ్ల మధ్య పెరిగి, 1995లో కార్డిఫ్‌లో స్టీవ్ రాబిన్సన్‌ను ఓడించి డబ్ల్యూబీఓ ఫెదర్‌వెయిట్ టైటిల్ పట్టాడు. జానీ నెల్సన్ సంగతి ఇంకా గొప్పది. ప్రొఫెషనల్‌గా మొదటి మూడు పోటీలూ ఓడిపోయిన మనిషి, 1999లో క్రూయిజర్‌వెయిట్ ప్రపంచ చాంపియనై, ఆ టైటిల్‌ను మళ్లీ రింగులో ఎవరికీ ఇవ్వకుండానే రిటైరయ్యాడు. మూడు ఓటముల తర్వాత కూడా పిల్లవాణ్ణి జిమ్‌లో నిలబెట్టగల గురువు ఎంతమందికి దొరుకుతాడు?

గ్లవ్స్ తొడిగిన ప్రతి కుర్రవాడూ మొదటి నెలలోనే అడిగే ప్రశ్న ఒకటుంది. స్పారింగ్‌లో ఎంత గట్టిగా కొట్టాలి సార్? మన కోచ్‌లలో చాలామంది దీనికి "కొంచెం చూసుకుని కొట్టు" అని సరిపెడతారు. ఆ కొంచెం ఎంతో చెప్పడమే అసలు బోధన.

వేగం తగ్గించకూడదు, బరువు తగ్గించాలి. మంచి గుద్దుకు బలం మోచేతినుంచి రాదు. వెనక కాలి మడమ తిరుగుతుంది, దానితో తుంటి తిరుగుతుంది, తుంటి వెంట భుజం వస్తుంది, పిడికిలి చివరగా చేరుతుంది. సంచి మీద కొట్టేటప్పుడు ఆ ఒంటి బరువంతా పిడికిలి వెనక నిలుస్తుంది, గురి కూడా తోలుకు జానెడు లోపల ఉంటుంది. స్పారింగ్‌లో కదలిక అంతా అదే ఉండాలి. మడమ తిరగాలి, తుంటి తిరగాలి, పిడికిలి అదే వేగంతో వెళ్లాలి. గురి మాత్రం చర్మం దగ్గరే ఆగాలి. తగిలిన మరుక్షణం పిడికిలి వెళ్లిన దారినే గడ్డం పక్కకు తిరిగి రావాలి. తగిలిందని ఇద్దరికీ తెలుస్తుంది, ఎవరి తలా ఊగదు. కొత్తవాడికి ఇది చేతకాదు. మెల్లగా కొట్టమంటే గుద్దునే నెమ్మది చేస్తాడు, లేదా చేత్తో తోస్తాడు. నెమ్మది గుద్దును తప్పించుకోవడం నేర్చినవాడు పోటీలో అసలు వేగం చూసి బెదిరిపోతాడు. తోసేవాడికి చెయ్యి వెనక్కి తెచ్చుకునే అలవాటే పోతుంది. ఇద్దరూ చెడతారు. గట్టిగా కొట్టడం ఆరు నెలల్లో వస్తుంది. పూర్తి వేగంతో వెళ్లే గుద్దును చర్మం దగ్గర ఆపడానికి ఏళ్లు పడుతుంది. ఒక బాక్సర్ ఎంతటివాడో తెలియాలంటే నేను అతను సంచి మీద కొట్టే దెబ్బలు చూడను, తనకంటే చిన్నవాడితో అతను ఆడే మూడు నిమిషాలు చూస్తాను.

ఒంటి మీద తల మీదకన్నా కొంచెం గట్టిగా కొట్టవచ్చు, నిజమే. దానికీ హద్దుంది. కుడి పక్కటెముకల కింద కాలేయం ఉంటుంది. అక్కడ ఎడమ హుక్ ఒక్కటి సరిగ్గా తగిలితే ఎంతటి మొనగాడైనా ఒక క్షణం ఆలస్యంగా మోకాళ్ల మీద కూలబడతాడు. అందుకే ఒంటి గుద్దులకూ తూకం ఎదుటివాణ్ణి బట్టే ఉండాలి. ఆ తూకం ఎవరు నిర్ణయించాలి? బరువెక్కువవాడు, అనుభవం ఎక్కువవాడు. చిన్నవాడు బెదిరి గట్టిగా కొట్టినా పెద్దవాడు తన చేతిని పెంచకూడదు. అక్కడ నోరు తెరవాల్సింది కోచ్.

ఇంతకీ తేలికగా ఆడితే ఏమొస్తుంది? భయం లేనప్పుడే మనిషి కొత్తది ప్రయత్నిస్తాడు. గడ్డం మీద పిడుగు పడుతుందని తెలిసినవాడు తనకు వచ్చిన రెండు గుద్దులే మళ్లీ మళ్లీ వేస్తాడు, కళ్లు మూస్తాడు, కాళ్లు నేలకు అంటుకుపోతాయి. జాబ్ కింద జారి, ఎడమ పక్కకు అడుగేసి, క్రాస్ వేయడం అనే ఒక్క ఎత్తు వంటబట్టాలంటే అది వందసార్లు బెడిసికొట్టాలి. బెడిసికొట్టిన ప్రతిసారీ తల పగిలేలా ఉంటే వందదాకా వెళ్లేదెవరు? అందుకే తెలిసిన కోచ్‌లు స్పారింగ్‌ను ముక్కలు చేసి నేర్పుతారు. ఒక రౌండ్ జాబ్‌లే. ఇంకో రౌండ్ ఒకడు కొడతాడు, రెండోవాడు కాచుకుంటాడు, అంతే. మరో రౌండ్ ఒంటి మీదే. స్వేచ్ఛగా ఆడే రౌండ్లు చివర్న వస్తాయి. పోటీకి ముందు కొన్ని గట్టి రౌండ్లు కావాలని నేనూ ఒప్పుకుంటాను. ఒత్తిడి ఎరగనివాడు పోటీలో తెల్లబోతాడు. అవి లెక్కపెట్టుకున్న కొన్నే ఉండాలి. సమాన బరువువాళ్ల మధ్య, 16 ఔన్సుల గ్లవ్స్‌తో, కోచ్ ఎదుట నడవాలి. హెడ్‌గార్డ్ ఉంది కదా అని ధైర్యపడితే పొరపాటే. అది చర్మం చీలకుండా కాస్తుంది, పుర్రెలో మెదడు కదలడాన్ని ఆపలేదు.

అవతలి పక్షం వాదం నాకు తెలుసు. అమెరికాలో ఫిలడెల్ఫియా జిమ్‌లలో స్పారింగ్ అంటే యుద్ధమే. డెట్రాయిట్‌లో ఇమాన్యుయెల్ స్టీవర్డ్ నడిపిన క్రాంక్ జిమ్ ఉక్కపోసే నేలమాళిగలో పోటీని మించిన స్పారింగ్ జరిగేది. అందులోంచి టామీ హెర్న్స్ లాంటి మహానుభావుడు వచ్చాడు. హెర్న్స్ కుడిచేతికి నమస్కారం. ఫిలడెల్ఫియా మిడిల్‌వెయిట్లకూ నమస్కారం. 1976లో మార్విన్ హాగ్లర్ అంతటివాణ్ణి బాబీ వాట్స్, విల్లీ మన్రో ఒకరి తర్వాత ఒకరు ఓడించారు. కానీ వాట్స్, మన్రో, బెన్నీ బ్రిస్కో, సైక్లోన్ హార్ట్ నలుగురిలో ఒక్కరికీ ప్రపంచ టైటిల్ రాలేదు. తమ సత్తా అంతా జిమ్‌లోనే ఖర్చుపెట్టేశారని ఆ ఊరివాళ్లే చెప్పుకుంటారు. ఓడిన హాగ్లర్ మాత్రం తర్వాత ప్రపంచ చాంపియనై ఏళ్లపాటు ఏలాడు.

ఇంగిల్ శిష్యులు తల కాచుకోవడం మరిచిపోతారని, 1990లో స్పెయిన్‌లో గ్రాహం గెలిచే పోటీని జూలియన్ జాక్సన్ ఒక్క కుడిచేతి దెబ్బతో లాగేసుకున్నాడని ఎత్తిపొడుస్తారు. ఆ దెబ్బకు ముందు ఏం జరిగిందో కూడా చెప్పాలి. జాక్సన్ కన్ను వాచి మూసుకుపోయింది, పోటీ ఆపేసే దాకా వచ్చింది. అంతటి పిడుగుచేతివాణ్ణి అలా ఆడించినవాణ్ణి ఒక్క దెబ్బతో కొలుస్తారా? ఇక హమెద్ జీవితంలో ఓడిన ఒకే ఒక్క పోటీ 2001లో బరేరాతో. అప్పటికి అతను ఇంగిల్‌ను వదిలి ఏళ్లయింది.

ఇది అభిరుచుల తగాదాగా మిగిలిపోతే నేనింత గొంతు చించుకోను. 1928లోనే అమెరికా వైద్యుడు హారిసన్ మార్ట్‌లాండ్ బాక్సర్లలో మతి చలించడం, నడక తడబడడం గురించి రాశాడు. సాధన కోసం కూలికి పెట్టుకునే రెండో శ్రేణి బాక్సర్లలోనూ అది ఎక్కువని ఆ వ్యాసంలోనే గమనించాడు. 1973లో బ్రిటన్‌లో కోర్సెలిస్ బృందం 15 మంది మాజీ బాక్సర్ల మెదళ్లను పరీక్షించి, నష్టం ఎక్కడెక్కడ జరుగుతుందో చూపించింది. స్కాట్లండ్‌లోని స్టిర్లింగ్ యూనివర్సిటీవాళ్లు మామూలు స్పారింగ్ తొమ్మిది నిమిషాలు చేయించి కొలిస్తే జ్ఞాపకశక్తి పరీక్షల్లో తేడా కనిపించింది. ఒక రోజులో అది సర్దుకుంది. ఆ తేడా వారానికి నాలుగు సార్లు, పదేళ్లపాటు పడితే?

ముహమ్మద్ అలీ పెన్సిల్వేనియాలోని డీర్ లేక్ క్యాంపులో తాళ్లకు ఆనుకుని సాటివాళ్ల చేత కొట్టించుకునేవాడు. ఒళ్లు గట్టిపడుతుందని అతని నమ్మకం. ఆ సాధనే 1974లో కిన్షాసాలో ఫోర్‌మన్‌ను అలసిపోనిచ్చి పడగొట్టింది, ఆ రాత్రిని తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. 1984లో అతనికి పార్కిన్సన్స్ ఉందని తేలింది. ఆ రోగానికీ దెబ్బలకీ లంకె ఎంతన్నది వైద్యులు తేల్చుకోవలసిన విషయం. అతని పోటీల రౌండ్ల లెక్క పుస్తకాల్లో ఉంది. జిమ్‌లో తిన్న దెబ్బలకు మాత్రం ఏ పుస్తకంలోనూ చోటు లేదు.

థాయిలాండ్ నుంచి నేర్చుకోవలసింది చాలా ఉంది. ముయే థాయ్ యోధుడు కొన్ని వారాలకొకసారి పోటీకి దిగుతాడు. దెబ్బతింటే ఇంట్లో పొయ్యి వెలగదు. అందుకని బలమంతా ప్యాడ్ల మీద, సంచి మీద చూపించి, స్పారింగ్‌ను నవ్వుతూ ఆడతారు. తన్ను తగులుతుంది, తగిలినవాడు నవ్వుతాడు, మళ్లీ మొదలు. ఆ ఆటలోంచే సమార్ట్ పయాకరూన్ వచ్చి 1986లో బాక్సింగ్‌లోనూ ప్రపంచ చాంపియనయ్యాడు. 1996 అట్లాంటాలో సోమ్‌రక్ కామ్‌సింగ్ ఆ దేశానికి మొట్టమొదటి ఒలింపిక్ స్వర్ణం తెచ్చాడు. ఇద్దరి ఆటలోనూ కనిపించే చిలిపితనం భయంతో పెరిగినవాళ్లకు రాదు.

మన నిజామాబాద్‌కు వద్దాం. షంషముద్దీన్ సార్ దగ్గర తోడు ఆడపిల్లల్లేక మగపిల్లలతో స్పారింగ్ చేసి, ముఖం వాచి ఇంటికెళ్తే నిఖత్ జరీన్ వాళ్లమ్మ బెంగపడిన సంగతి అందరికీ తెలుసు. ఆ దెబ్బలే ఆమెను చాంపియన్‌ను చేశాయని సభల్లో చెబుతుంటే నాకు మండుతుంది. ఆమెను చేసింది షంషముద్దీన్ సార్ చేయి, తండ్రి జమీల్ అహ్మద్ గారి పట్టుదల, విశాఖ సాయ్ కేంద్రంలో ఐ.వి.రావు గారి శిక్షణ. 2022లో ఇస్తాంబుల్ ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్లో జిట్‌పాంగ్ జుటామాస్‌పై 5-0తో గెలిచిన ఆ పోటీని మళ్లీ చూడండి. దూరం ఎలా పట్టుకుందో, ఎదుటి పిల్ల గుద్దు ఎక్కడ ముగుస్తుందో దానికి వేలెడు అవతల ఎలా నిలబడిందో చూడండి. అది కంటి చదువు. అలాంటి ముఖం వాపుతోనే ఇంటికెళ్లి, మర్నాడు జిమ్‌కు రాకుండా ఆగిపోయిన ఆడపిల్లలెందరు? వాళ్ల పేర్లు ఏ సభలోనూ వినిపించవు.

ఇప్పుడు ఊరూరా గాజు తలుపుల జిమ్‌లు వెలిశాయి. మూడు నెలల కోర్సు, గోడ మీద అలీ బొమ్మ, చెవులు చిల్లులు పడే పాటలు. గ్లవ్స్ తొడిగిన రెండోవారానికే పిల్లల్ని రింగులోకి తోసి, చుట్టూ ఫోన్లు పట్టుకుని అరుస్తారు. ఎవడైనా కిందపడితే అది రీల్ అవుతుంది. ఒకచోట ట్రైనర్ అనేవాడే కొత్తగా చేరిన కాలేజీ కుర్రాణ్ణి గడ్డం మీద పూర్తి బలంతో కొట్టి, లేచి నిలబడమని గదమాయించడం నా కళ్లారా చూశాను. ఆ కుర్రాడి కళ్లు నిలవడం లేదు. తేలిక దెబ్బను అదుపు చేయడం రానివాడే ఇలా బలం చూపిస్తాడు. పైగా దీనికి పాతకాలపు శిక్షణ అని పేరు పెడతారు. ఇలాంటి వీరంగాలను ఆ పేరుతో పిలవడం ఇంగిల్ లాంటివాళ్లకు చేసే అవమానం.

పోటీలో తల దెబ్బతో ఓడిన అమెచ్యూర్ బాక్సర్‌ను కనీసం నెల రోజులు పోటీకి గానీ స్పారింగ్‌కు గానీ దింపకూడదని నియమం ఉంది. అదే దెబ్బ మంగళవారం సాయంత్రం జిమ్‌లో తగిలితే రాసుకునేవాడు లేడు, డాక్టర్ లేడు, బుధవారం మళ్లీ గ్లవ్స్. తెలంగాణ, ఆంధ్ర బాక్సింగ్ సంఘాల పెద్దలారా, ప్రతి జిమ్‌లోనూ ఒక స్పారింగ్ రిజిస్టర్ పెట్టించండి. ఎవరు ఎవరితో, ఎన్ని రౌండ్లు, తలకు గట్టి దెబ్బ తగిలిందా, తర్వాత ఎన్నాళ్లు ఆపారు, ఈ నాలుగు గడులు చాలు. పదహారేళ్ల లోపు పిల్లలకు తల మీద స్పారింగ్ మాన్పించండి, ఒంటి మీద ఆడనివ్వండి, షెఫీల్డ్‌లో అలాగే చాంపియన్లు తయారయ్యారు. తల్లిదండ్రులారా, ఫీజు కట్టేముందు ఒక సాయంత్రం స్పారింగ్ వేళకు వెళ్లి గోడ పక్కన నిలబడండి. పెద్దవాడు చిన్నవాణ్ణి ఎలా కొడుతున్నాడో, కోచ్ అప్పుడు ఎటు చూస్తున్నాడో గమనించండి. అతను ఫోన్ చూస్తుంటే డబ్బు జేబులోనే ఉంచుకుని వచ్చేయండి.