కరిగితే చాలు, కాగనక్కర్లేదు

యార్క్‌షర్‌లో చేపలు, బంగాళాదుంప చిప్స్ వేయించే కొట్లలో చాలావరకు ఇప్పటికీ గొడ్డు కొవ్వే వాడతారు. వాళ్లు వద్దనుకున్న ఆ కొవ్వు తెచ్చుకుని, ఇంటి వెనక షెడ్డులో బయోడీజిల్ చేసుకునేవాళ్లం అక్కడొకరు ఇక్కడొకరు ఉన్నాం. ఏడాదికి 2,500 లీటర్లు దాటకపోతే ఇంధన పన్ను కట్టనక్కర్లేదని 2007లో బ్రిటన్ ప్రభుత్వం వెసులుబాటు ఇచ్చింది. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లంతా నూనెను డీజిల్‌గా మార్చడానికి కలిపే మిథనాల్ గురించి, కాస్టిక్ సోడా గురించి అడుగుతారు. నూనె వేడిచేయడం గురించి ఎవరూ అడగరు. నా భయమంతా అక్కడే.

జనవరిలో డ్రమ్ము మూత తీస్తే లోపలంతా తెల్లగా పేరుకుపోయి ఉంటుంది. గరిటె దిగదు. పొయ్యి మీదికెక్కిస్తే సరిపోతుందనిపిస్తుంది. కానీ కింద మంట పెడితే ముందు అడుగున ఉన్నది కరుగుతుంది. కరిగినది ఉబ్బుతుంది. పైన గట్టి కొవ్వు బిరడాలా బిగుసుకుని ఉంటుంది కనుక దానికి దారి ఉండదు. పైగా అడుగున నీళ్లుంటాయి. చేపల తడి, దుంపల తడి మడ్డితోపాటు అక్కడికే చేరతాయి. లీటరు నీరు ఆవిరైతే సుమారు 1,700 లీటర్ల చోటు కావాలి. ఆ ఆవిరి ఒక్కసారిగా తన్నుకొచ్చిందంటే కాగిన నూనె ఎదురుగా నిలబడ్డ మనిషి మీద పడుతుంది.

అందుకే నా డ్రమ్ములో పైనుంచి అడుగు దాకా చుట్టలు చుట్టలుగా ఒక స్టీలు గొట్టం దింపాను. అందులో వేడినీళ్లు తిరుగుతాయి. నీళ్ల వేడి 100 డిగ్రీలు దాటదు, కాబట్టి నూనెదీ దాటదు. ఎర్రగా కాలే తీగ ఎక్కడా ఉండదు. రాగి గొట్టమైతే వేడి త్వరగా అందుతుంది గానీ, రాగి తగిలిన నూనె తొందరగా పాడవుతుంది. గొట్టాన్ని ఆనుకుని ఉన్న కొవ్వు ముందు మెత్తబడుతుంది. దాని చుట్టూ పసుపుపచ్చని తేట ఒక ఉంగరంలా ఏర్పడి, మెల్లగా వెడల్పవుతూ గోడల దాకా పాకుతుంది. ఉబ్బే నూనెకు పైకి దారి మొదటినుంచీ తెరిచే ఉంటుంది. ఈ పని మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే.

కరెంటు హీటరు రాడ్డు వాడేవాళ్లకు ఒక్కటే చెబుతాను. రాడ్డు ఎప్పుడూ నూనెలో మునిగి ఉండాలి. నూనె తోడుకున్నాక అది పైకి తేలి గాల్లో కాలుతూ ఉంటే, అంటుకోవడానికి ఇంకేం అక్కర్లేదు. థర్మోస్టాట్ ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. అది మొండికేస్తే కరెంటు ఆపే కటాఫ్ వేరే ఉండాలి.

200 లీటర్ల నూనెను 20 నుంచి 60 డిగ్రీలకు తేవడానికి నాలుగు యూనిట్ల కరెంటుకు సరిపడా వేడి కావాలి. గడ్డ కరగడానికి పట్టేదీ, గాలికి పోయేదీ దీనికి అదనం. సగం రోజు పడుతుంది, పట్టనివ్వండి. ఆ లోపు నూనె ఐదారు లీటర్లు పెరుగుతుంది. అందుకే డ్రమ్ము అంచు దాకా నింపను, మూత బిగించను.

60 దగ్గర ఆపేసి, పాత దుప్పటి చుట్టి రాత్రంతా వదిలేస్తాను. పొద్దున అడుగు కుళాయి తిప్పితే ముందు మురికి నీళ్లు, తర్వాత మడ్డి, ఆ తర్వాత తేట వస్తాయి. రెండు గరిటెల తేట మూకుడులో పోసి కాస్తాను. చిటపటలాడితే నీళ్లింకా ఉన్నట్టే, మరో రోజు ఆగాలి. నీళ్లుంటే కాస్టిక్ సోడా కలిపాక డీజిల్‌కు బదులు సబ్బు మిగులుతుంది. డ్రమ్ము మొత్తాన్ని 100 దాటించి నీళ్లు ఎగరగొట్టేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. పొంగి మీద పడే ప్రమాదం అలాగే ఉంటుంది. పైగా నీళ్లతో కలిసి మరిగిన నూనెలో ఆమ్లం పెరిగి, సోడా ఎక్కువ పడుతుంది.

మిథనాల్ 64.7 డిగ్రీలకే మరుగుతుంది. దాని ఆవిరి 11, 12 డిగ్రీల చలిలోనూ అంటుకుంటుంది, ఆ మంట పగటి వెలుగులో సరిగ్గా కనపడదు కూడా. కాబట్టి నూనె వేడిచేసే చోటు వేరు, మిథనాల్ కలిపే చోటు వేరు.

మంటలార్పే పొడి సిలిండరు డ్రమ్ము పక్కన పెట్టలేదు, షెడ్డు తలుపు దగ్గర తగిలించాను. డ్రమ్మే అంటుకుంటే పక్కనున్న సిలిండరు చేతికందదు. నీళ్ల బకెట్టును మాత్రం లోపలికి రానివ్వను. మండే నూనె మీద నీళ్లు పోస్తే మంట పైకప్పు దాకా లేస్తుంది.