ఇంటి లెక్క చదివి వినిపించండి

ఈ గురువారం, మార్చి 19న ఉగాది. పరాభవ నామ సంవత్సరం మొదలవుతుంది. సాయంత్రం గుళ్లో పంచాంగం చదువుతుంటే మా పాకాల జనం వానలు, పంటలు, గ్రహణాల దాకా మాట్లాడుకుంటూనే వింటారు. ఆదాయ వ్యయాల దగ్గరికి వచ్చేసరికి మాటలన్నీ ఆగిపోతాయి. ఫలానా రాశికి ఆదాయం ఇంత, వ్యయం ఇంత అని అయ్యవారు చదువుతుంటే చంటిపిల్లను ఎత్తుకున్న తల్లి కూడా చెవి అటే పెడుతుంది. ఆ ఫలితాలు నిజమవుతాయా, కావా అన్న వాదనలోకి నేను పోను. నాకు నచ్చేది ఆ పద్ధతి. ఏడాది మొదటిరోజే వచ్చేదీ పోయేదీ నలుగురి ముందు గొంతెత్తి చదవడం ఎంత మంచి ఆచారం! రాశికి జరిగే ఈ మర్యాద మన సొంత ఇంటి లెక్కకు మాత్రం జరగడం లేదు. జరగాలని గట్టిగా కోరుకుంటూ ఈ వారం రాస్తున్నాను.

లెక్క రాయడం మనకు చేతకాక కాదు. ఏ ఇంట్లోనైనా చదివింపుల పుస్తకం అడిగి చూడండి. కూతురి పెళ్లిలో ఎవరు ఎంత చదివించారో పేరు, ఊరు, మొత్తంతో సహా ఉంటుంది. వాళ్లింట్లో శుభకార్యం వచ్చినప్పుడు ఆ పుస్తకం పెట్టెలోంచి బయటికి వస్తుంది. దాంట్లో ఉన్నదానికి కొంత కలిపి తిరిగి చదివిస్తారు. ఎన్నేళ్లు గడిచినా ఆ లెక్క తప్పదు. పాడి ఉన్న ఇల్లయితే పూటపూటకీ పోసిన లీటర్లు, వెన్న శాతం, పదిహేను రోజులకు రావలసిన బిల్లు అన్నీ నోటికే ఉంటాయి. ఇక పొదుపు సంఘం సంగతి చెప్పనే అక్కర్లేదు. 1992లో నాబార్డు దేశంలో 500 సంఘాలతో ప్రయోగంగా బ్యాంకు రుణాలు మొదలుపెట్టింది. ఆ కాలంలోనే మన పక్క నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా అంగళ్ల మీదికి కదిలారు. 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. సారాకు పోయే డబ్బు మిగిలితే రోజుకో రూపాయి దాచుకుందామని అదే జిల్లాలో పొదుపు ఉద్యమం లేచింది. ఇవాళ మన ఊళ్లలో ఏ సంఘానికి పోయినా పంచసూత్రాలు చెబుతారు: క్రమంగా సమావేశం, పొదుపు, అప్పులివ్వడం, తిరిగి కట్టించుకోవడం, పుస్తకాలు రాయడం. ఎవరి బాకీ ఎంతో అందరి ముందు చదువుతారు. చదివిన తరువాతే సంతకాలు.

ఇన్ని లెక్కలు వచ్చిన మనిషి, ఇంట్లో అడుగుపెట్టాక భర్త ఎక్కడ నోటు రాసిచ్చాడో ఎరగదు. ఆమె కడుతున్న వారం కంతులు ఎన్నో ఆయనకు తెలియవు. కొడుకు ఫోనులో తీసుకున్న అప్పు ఇద్దరికీ తెలియదు. ముగ్గురూ ఒకే పళ్లెంలో ఓళిగలు తింటారు. 2010 అక్టోబరులో సూక్ష్మరుణ సంస్థలను కట్టడి చేస్తూ రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చిన రోజులు గుర్తున్నవాళ్లకు ఇది కొత్త మాట కాదు. ఒకే ఇంటి మీద నాలుగైదు అప్పులు, ఒకదాని కంతు కట్టడానికి ఇంకొకటి. వడ్డీ ఎంత భారమో, ఆ అప్పును ఇంట్లోవాళ్లకు తెలియకుండా ఒక్కరే మోయడం అంతకంటే పెద్ద భారం.

అందుకే ఉగాది మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక గంట కేటాయించండి. ఇంట్లో పెద్దవాళ్లు, ఎదిగిన పిల్లలు అందరూ కూర్చోవాలి. ఒకరు రాయాలి, ఇంకొకరు చదవాలి. రాసినవాళ్లే చదివితే కొన్ని అంకెలు గొంతులోనే ఉండిపోతాయి.

పత్రికల్లో, టీవీల్లో చెప్పే నెలవారీ బడ్జెట్టు మా పక్క ఇళ్లకు సరిపోదని నా అభిప్రాయం. మా పాకాల జంక్షనులో రైలు తిరుపతి, కాట్పాడి, ధర్మవరం దారులకు చీలుతుంది. మా ఇళ్లలో రాబడి కూడా అలాగే చీలి ఉంటుంది. ఒకింట్లో రైల్వే పింఛను నెలనెలా పడుతుంది. పక్కింట్లో పాల బిల్లు పదిహేను రోజులకు. ఆ పక్కింట్లో పొద్దున రైలుకు తిరుపతి పోయి అంగట్లో పనిచేసే పిల్లకు వారం జీతం. వెనక వీధిలో మామిడితోట ఉన్నాయనకు డబ్బు చూపేది ఏడాదికి ఒక్కసారి, దామలచెరువు మండీలకు కాయ దిగినప్పుడు. చెనక్కాయలు వేసినవాళ్లకు దీపావళి అటూఇటూ. వీళ్లందరినీ నెలకింత అని గీత గీయమంటే ఎలా కుదురుతుంది?

దీనికి పంచాంగంలోనే దారి ఉంది. కందాయ ఫలాలు చెప్పేవాళ్లు ఏడాదిని నాలుగేసి నెలల చొప్పున మూడు భాగాలు చేస్తారు. ఇంటి లెక్కకు అంతకంటే మంచి కొలత నాకు కనబడలేదు. చైత్రం నుంచి ఆషాఢం దాకా మొదటి కందాయం. మామిడి డబ్బు వచ్చేది ఇందులోనే, బడి ఫీజులు, విత్తనాలు, ఎరువుల ఖర్చు కూడా ఇందులోనే. శ్రావణం నుంచి కార్తీకం దాకా రెండోది. పండుగల్లో చాలావరకు దీంట్లోనే, కూలీలకు ఇవ్వవలసింది దీంట్లోనే, చెనక్కాయలు ఇంటికి చేరేదీ దీంట్లోనే. మార్గశిరం నుంచి ఫాల్గుణం దాకా మూడోది. సంక్రాంతి, బెల్లం, మాఘమాసపు పెళ్లిళ్లు, మార్చిలో బ్యాంకు గడువులు. పుస్తకంలో మూడు పేజీలు తీసి, ఒక్కోదాంట్లో రావలసింది ఒకవైపు, పోవలసింది ఒకవైపు రాస్తే ఏ కందాయంలో చేతులు ఖాళీ అవుతాయో ఉగాదినాడే కనబడుతుంది. అప్పుకోసం పరుగెత్తవలసిన నెల ముందే తెలిస్తే, ఎక్కడికి పరుగెత్తాలో నిదానంగా ఆలోచించుకోవచ్చు.

రావలసింది రాసేటప్పుడు ఒక జాగ్రత్త. చేతికి వచ్చిన డబ్బు వేరు, వస్తుందనుకున్న డబ్బు వేరు. నిరుడు తోతాపురి మామిడి సంగతి చూశాం కదా. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, కలిపి 12 అన్నారు. మండీ ముందు ట్రాక్టర్లతో బారులు తీరినవాళ్లకు అంకె వినబడటానికీ డబ్బు పడటానికీ మధ్య దూరం ఎంతో తెలుసు. కాబట్టి తోట డబ్బును పెన్సిలుతో రాయండి. పడ్డాక పెన్నుతో దిద్దండి.

అయితే ఈ మూడు పేజీల కంటే ముందు రాయవలసిన పేజీ ఒకటి ఉంది. అది అప్పుల పేజీ. నన్నడిగితే మిగతావన్నీ మానేసినా ఇది మానకూడదు. ఎవరి దగ్గర, ఎంత, ఏ రోజున, ఎంత వడ్డీకి. చేబదులు కూడా రాయాలి, అంగట్లో బాకీ కూడా రాయాలి.

మన దగ్గర వడ్డీని నెలకు నూటికి ఇన్ని రూపాయలని చెబుతారు. రెండు రూపాయలంటే చెవికి చిన్నగా ఉంటుంది. ఏడాదికి అది 24 శాతం. మూడు రూపాయలైతే 36. అదే 3 లక్షల లోపు పంట రుణం గడువులోపల కడితే పడేది 4 శాతం, అంటే నెలకు నూటికి 33 పైసలు. ఒకే ఇంట్లో 33 పైసల అప్పు, మూడు రూపాయల అప్పు పక్కపక్కన ఉండటం నేను ఎన్నోచోట్ల చూశాను. పైసల అప్పును గడువు దాటనిచ్చి, రూపాయల అప్పు తెచ్చి పండుగ చేస్తారు. రెండూ ఒకే పేజీలో ఒకదాని కింద ఒకటి కనబడితే ఏది ముందు తీర్చాలో ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇక ప్రోనోటు. చట్టం ప్రకారం దాని మీద దావా వేయడానికి మూడేళ్ల గడువు. అందుకని మూడేళ్లు నిండేలోపు అప్పిచ్చినాయన వచ్చి నోటు తిరగరాయమంటాడు. లక్ష రూపాయలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చి మూడేళ్లూ ఏమీ కట్టలేదనుకోండి. వడ్డీ 72,000 అవుతుంది. కొత్త నోటు 1,72,000కు రాస్తారు. అంతవరకు ఏడాదికి 24,000 పెరిగిన వడ్డీ ఆ సంతకంతో 41,280 అవుతుంది. చేతికి కొత్తగా ఒక్క రూపాయి రాలేదు. ఆ సంతకం పెట్టే రోజు ఎప్పుడు వస్తుందో భార్యకూ పిల్లలకూ తెలిసి ఉంటే, ఆలోపల ఒక ఆవును అమ్మో, సంఘంలో రూపాయి వడ్డీకి తీసుకునో కనీసం వడ్డీ భాగం కట్టి పాత అసలుకే నోటు రాయించుకోవచ్చు. అందుకే నోటు తేదీని పుస్తకంలో పెద్ద అక్షరాలతో రాయమంటాను.

బంగారం కుదవ పెట్టినవాళ్లకు కూడా ఒక మాట. రిజర్వు బ్యాంకు కొత్త నిబంధనల ప్రకారం ఈ ఏప్రిల్ 1 నుంచి రెండున్నర లక్షల లోపు అప్పుకు బంగారం విలువలో 85 శాతం దాకా ఇవ్వవచ్చు. ఇప్పటిదాకా ఉన్న హద్దు 75. ఎక్కువ ఇస్తారు కదా అని ఎక్కువ తెచ్చుకుంటే విడిపించుకోవడం అంతే కష్టమవుతుంది. కావలసినంతే తీసుకోండి. రసీదులో గడువు తేదీని అప్పుల పేజీలోకి ఎక్కించండి.

ఇల్లు దులిపి సున్నం కొట్టేటప్పుడు అటక మీది ట్రంకుపెట్టె ఎలాగూ కిందికి దిగుతుంది. పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకు పుస్తకాలు, బీమా బాండ్లు, కుదవ రసీదులు అన్నీ ఒక సంచిలోకి చేర్చండి. ఖాతాల్లో నామినీ ఎవరో చూడండి. పెళ్లికి ముందు తెరిచిన ఖాతాలో చనిపోయిన తండ్రి పేరే ఇంకా నామినీగా ఉన్నవాళ్లు మన చుట్టూ చాలామంది. 2025 నవంబరు నుంచి ఒక ఖాతాకు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు. ఏటా మే నెలాఖరులో ఖాతాలోంచి 20 రూపాయలు, 436 రూపాయలు కోత పడుతుంటే అవి ప్రమాద బీమా, జీవిత బీమా అని ఇంట్లో అందరికీ చెప్పండి. ఒక్కోదానికి 2 లక్షలు. ఆ సంగతి మనకొక్కరికే తెలిసి ఉంటే, మనం లేని రోజున ఆ డబ్బు అడిగేదెవరు?

జపానులో హని మోతొకో అనే పాత్రికేయురాలు 1904లోనే గృహిణుల కోసం లెక్కల పుస్తకం తయారుచేసింది. ఇప్పటికీ అక్కడ అలాంటి పుస్తకాలు కొని చేత్తో రాసేవాళ్లున్నారు. ఆ ఓపిక మెచ్చుకోదగ్గది. నేను అడుగుతున్నది ఇంకొక్క అడుగు ముందుకు, రాసింది పైకి చదవమని.

పరువు పోతుందంటారు కొందరు మగవాళ్లు. కట్టుకున్నదాని ముందు, కన్నపిల్లల ముందు అప్పు ఒప్పుకుంటే పోయే పరువు ఏమిటో నాకు అర్థం కాదు. అప్పిచ్చినాయన వాకిట్లో నిలబడి కేకలేస్తే వీధంతా వింటుంది. అంతకంటే ముందు ఇంట్లోవాళ్లు వినడం మేలు కాదా? ఒక షరతు మాత్రం అందరూ పాటించాలి. చదువుతున్నంతసేపు ఎవరూ ఎవరినీ తిట్టకూడదు. ఎందుకు తెచ్చావు, ఎవరినడిగి తెచ్చావు అన్న ప్రశ్నలు ఆ రోజుకు వద్దు. తిట్టు పడిందంటే పై ఏడాది ఆ మనిషి సగమే చెబుతాడు.

పండక్కి బెంగళూరు, చెన్నై నుంచి వచ్చిన పిల్లలు ఆదివారం రాత్రికి బస్సో రైలో ఎక్కేస్తారు. గురువారం కుదరకపోతే వాళ్లు బయల్దేరేలోపు ఎప్పుడైనా కూర్చోండి. రాలేనివాళ్లను ఫోనులో ఉండమనండి. అప్పటికి మార్చి 31కి ఇంకా తొమ్మిది రోజులుంటాయి. కట్టవలసిన పంట రుణం ఉంటే బ్యాంకుకు పోయి రావడానికి అది చాలు.