గట్టు మీది పంతులమ్మ

ఇబ్రహీంపట్నం పెద్దచెరువుకు గోల్కొండను ఏలిన ఇబ్రహీం కులీ కుతుబ్‌షా పేరుంది. 1550 నుంచి 1580 దాకా సాగిన ఆయన హయాంలోనే హుస్సేన్‌సాగర్ కూడా వెలిసింది. సద్దుల బతుకమ్మ నాడు ఇలాంటి చెరువుల దగ్గర ఆడవాళ్లు పాదాలు తడిసేదాకానో మోకాళ్ల దాకానో నీళ్లలోకి దిగి, బతుకమ్మను సాగనంపి, వెనక్కి తిరుగుతారు. అంతకన్నా ముందుకు పోతే మళ్లీ ఒడ్డు చేరగలిగేవాళ్లు ఆ గుంపులో ఎందరుంటారు? శేరిగూడ, మంగళ్‌పల్లి, ఖానాపూర్ చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల్లో వేలమంది అమ్మాయిలు చదువుతున్నారు. వాళ్లలో ఎందరికి ఈత వచ్చు? లెక్క తీయకుండానే జవాబు మనకు తెలుసు.

అమెరికాలో కాలేజీ ఆడపిల్లల ఈత జట్టుకు కోచ్‌గా ఉండడమంటే జీతం, పేరు, పదవీ విరమణ అన్నీ ఉన్న నిండు జీవితకాలపు ఉద్యోగం. మన దగ్గర అలాంటి కుర్చీ ఒకటుంటుందని కూడా చాలామందికి తట్టదు. పీఈటీ మేడమ్ అంటే ఖోఖో, వాలీబాల్, ఆగస్టు పదిహేను పరేడ్. ఈత ఆ జాబితాలోకి రాదు.

అలాగని ఈ నేలకు ఈత కొత్తదేం కాదు. మోటలు నడిచిన రోజుల్లో రంగారెడ్డి ఊళ్లలో పిల్లలకు బాయే బడి. నడుముకు తాడు కట్టేవాళ్లు. వీపుకు ఎండిన సొరకాయ బుర్రో బెండ్లో కట్టేవాళ్లు, తర్వాత కాలంలో లారీ ట్యూబు వచ్చింది. మామో చిన్నాయనో మెట్ల మీద నిలబడి తాడు పట్టుకునేవాడు. రోజురోజుకూ తాడు వదులయ్యేది. ఒకరోజు పిల్లకు తెలియకుండానే తాడు చేతిలోంచి జారిపోయేది, పిల్ల మాత్రం ఈదుతూనే ఉండేది. అందులో మంచి బోధన ఉంది. ఆసరాను ఒక్కసారిగా లాగేయకుండా మెల్లగా సడలించడం ఈనాటి కోచ్‌లు కూడా పాటించే పద్ధతే. అయితే ఆ బడి ఆడపిల్లకు పెద్దమనిషి అయ్యేదాకానే. ఆ తర్వాత బాయి దిక్కు పోతే ఇంట్లో తిట్లు. బోర్లు వచ్చాక బావులే ఎండిపోయాయి, మగపిల్లలకు కూడా ఆ బడి మూతపడింది.

బాయి ఈతకు ఒక గుణముంది, అదే దాని లోపం కూడా. తల ఎప్పుడూ నీటి పైనే ఉంటుంది. ప్రాణానికి అది ధైర్యం, కానీ నడుముకు శిక్ష. నీటిలో పడుకున్న ఒళ్లు ఏతం మాను లాంటిది. ఊపిరితిత్తులున్న ఛాతీ పైకి తేలుతుంది, బరువైన కాళ్లు కిందికి దిగుతాయి, ఒక కొన లేస్తే రెండో కొన వంగుతుంది. తల ఎత్తిన కొద్దీ కాళ్లు మునుగుతాయి. నీరు గాలికన్నా సుమారు 800 రెట్లు చిక్కన, వేగం పెరిగితే దాని అడ్డు అంతకు మించి పెరుగుతుంది. అందుకే కాళ్లు వేలాడుతూ ఈదే మనిషి ఇరవై గజాలకే రొప్పుతుంది. ఇక్కడ ఆడవాళ్లకు ప్రకృతి ఒక మేలు చేసింది. తుంటి దగ్గర ఉండే కొవ్వు వల్ల వాళ్ల కాళ్లు మగవాళ్ల కాళ్లంత తొందరగా మునగవు. అదే దూరం ఈదడానికి వాళ్లకు తక్కువ శక్తి సరిపోతుంది. ‘ఆడపిల్లకు ఈతెందుకు’ అనే పెద్దమనుషులు ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే మంచిది.

కోచ్ పని మొదలయ్యేది చేతులతోనూ కాదు, కాళ్లతోనూ కాదు. ఊపిరితో. పద్దెనిమిదేళ్లు నిండిన అమ్మాయి ఛాతీలోతు నీళ్లలో నిలబడగానే ఏదో అదిమినట్టు ఉందంటుంది. అది భయమొక్కటే కాదు, నీటి ఒత్తిడి నిజంగానే పక్కటెముకల మీద పడుతుంది. ముఖం ముంచమంటే గాలి గట్టిగా పీల్చి బిగబడుతుంది. అసలు చిక్కు అక్కడే. ఊపిరి బిగిస్తే గుండెలో మంట పుట్టించేది ప్రాణవాయువు తగ్గడం కన్నా బొగ్గుపులుసు వాయువు పేరుకోవడం. దాన్ని వదలకపోతే తల పైకి తీసినప్పుడు ముందు వదలాలి, తర్వాత పీల్చాలి. ఆ అరక్షణంలో రెండూ కుదరక నీళ్లు మింగుతుంది. అందుకే మొదటి వారమంతా బుడగలే. నోటితో పీల్చడం, ముఖం ముంచి ముక్కుతో సన్నగా, ఆగకుండా వదలడం. గోడ పట్టుకుని వంద సార్లు. చూసేవాళ్లకు చాదస్తంలా కనిపిస్తుంది. ఈ వారం ఎగ్గొట్టిన కోచ్ తర్వాత నెలంతా దాని అప్పు తీరుస్తూ ఉంటుంది.

ఆ తర్వాత తేలడం, అంతకన్నా ముఖ్యంగా తేలిన చోటినుంచి లేచి నిలబడడం. మోకాళ్లు పొట్ట దగ్గరికి ముడిచి, అరచేతులతో నీటిని కిందికి నొక్కి, పాదాలు నేలకు ఆనించాలి. ఇది వచ్చిన అమ్మాయికి సగం భయం పోతుంది, ఎందుకంటే ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆపేయొచ్చని ఒంటికి తెలుస్తుంది. గోడను తన్ని, చేతులు చెవుల వెనక బిగించి, బాణంలా జారడం ఆ తర్వాతి మెట్టు. ఫ్రీస్టయిల్‌లో ముందుకు నెట్టేది ఎక్కువగా చేతులే, కాళ్లు ప్రధానంగా ఒంటిని సమంగా నిలుపుతాయి. కొత్తవాళ్లు దీన్ని తిరగేస్తారు. కాళ్లతో నురగ లేపి అలసిపోతారు. మోచెయ్యి పైకి, అరచెయ్యి కిందికి ఉంచి ముంజేయి మొత్తంతో నీటిని పట్టుకోవాలి. ఊపిరి కోసం తల ఎత్తకూడదు, ఒళ్లు పక్కకు దొర్లాలి, ఒక కన్ను నీటిలోనే ఉండాలి. గట్టు మీద నిలబడ్డ కోచ్ ఒక పొడవు ఈదడానికి పట్టిన చేతుల లెక్క, పట్టిన సెకన్లు రెండూ రాసుకుంటుంది. సెకన్లు తగ్గి చేతుల లెక్క పెరిగితే అది బలం, నేర్పు కాదు. రెండూ తగ్గితే ఆరోజు ఆమెకు పండగ.

పోటీ జట్టు దాకా వస్తే భాష మారుతుంది. ‘పది వందలు, రెండు నిమిషాల మీద’ అంటే వంద మీటర్లు పది సార్లు, ప్రతి రెండు నిమిషాలకూ ఒకటి మొదలవ్వాలి. తొందరగా ముగిస్తే విశ్రాంతి ఎక్కువ, ఆలస్యమైతే శిక్ష దానికదే పడుతుంది. పెద్ద పోటీకి రెండు మూడు వారాల ముందు దూరం తగ్గిస్తూ పోతారు. అప్పుడు పిల్లలకు కాళ్లూ చేతులూ ఆడవు, సాధన పోతోందని బెంగ. ‘తగ్గించడమూ సాధనే’ అని నమ్మించడం కోచ్‌కు కష్టమైన ఉపన్యాసం.

మన కోచ్‌కూ అమెరికా కోచ్‌కూ తేడా ఇక్కడే. అక్కడ ఆరేళ్లకే నీళ్లలో పడి, పద్దెనిమిదికి వడిగా ఈదే పిల్లను కాలేజీ ఏరి తెచ్చుకుంటుంది. అక్కడి కోచ్ పని సెకనులో పదో వంతు తగ్గించడం, మన కోచ్ పని పద్దెనిమిదేళ్ల పిల్లతో బుడగల దగ్గర మొదలుపెట్టడం. విద్యాసంస్థల్లో ఆడామగా వివక్షను నిషేధించిన 1972 నాటి చట్టం వల్ల కాలేజీలు ఆడపిల్లల జట్లకు డబ్బు పెట్టక తప్పలేదు. 1982 నుంచి వాళ్లకు కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ జాతీయ పోటీలు జరుగుతున్నాయి. అంతకు చాలా ముందే, 1917లో, న్యూయార్క్‌లో షార్లట్ ఎప్‌స్టీన్ అనే కోర్టు స్టెనోగ్రాఫర్ ఆడవాళ్ల కోసం ఈత సంఘం పెట్టింది. ఆ గూటినుంచి వచ్చిన గెర్ట్రూడ్ ఎడెర్లె 1926 ఆగస్టు 6న ఇంగ్లిష్ చానెల్ ఈది, అప్పటికి మగవాళ్ల పేరిట ఉన్న రికార్డును సుమారు రెండు గంటల తేడాతో కొట్టేసింది. అంతకు ముందు ఏడాది ఆమె చేసిన ప్రయత్నంలో పడవలో ఉన్న కోచ్ ఇక చాలని ఆమెను నీటిలోంచి తీయించాడు. నేను ఇంకా ఈదగలిగేదాన్నని ఆమె వాదించింది. రెండోసారి కోచ్‌ను మార్చుకుంది. ఎప్పుడు ఆపాలో తెలియడం ఎంత విద్యో, ఎప్పుడు ఆపకూడదో తెలియడం కూడా అంతే విద్య.

గెలిపించిన ప్రతి కోచ్ మంచి కోచ్ అనుకుంటే మాత్రం ప్రమాదం. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో టెరీ మెకీవర్ ముప్పై ఏళ్ల దగ్గరగా ఆడపిల్లల జట్టును నడిపింది. 2009, 2011, 2012, 2015లలో నాలుగు జాతీయ టైటిళ్లు తెచ్చింది. 2012 లండన్ ఒలింపిక్స్‌కు అమెరికా మహిళల ఈత జట్టు ప్రధాన కోచ్ ఆమే. ఆ పదవి అందుకున్న తొలి మహిళ. పిల్లలను మాటలతో, బెదిరింపులతో హింసించిందన్న ఆరోపణలపై విచారణ జరిపి 2023 జనవరిలో విశ్వవిద్యాలయం ఆమెను తొలగించింది. కోచ్ మహిళ అయితే చాలు, ఆడపిల్లలకు భద్రత వచ్చేసినట్టే అని మన దగ్గర కూడా అనుకుంటారు. కాదు. గట్టు మీద రెండో పెద్దమనిషి ఉండాలి, పిల్లలు భయం లేకుండా ఫిర్యాదు చేసే చోటు ఉండాలి. పని చేసే చోట లైంగిక వేధింపులపై 2013 చట్టం ప్రకారం కాలేజీలో కమిటీ ఉండాల్సిందే. నోటీసు బోర్డు మీద పేర్లుంటే సరిపోదు, ఆ పేర్లు కొలనుకు వచ్చే పిల్లకు తెలియాలి.

అయినా మహిళా కోచ్ కావాలని నేను పట్టుబట్టేది ఎందుకంటే, కొన్ని మాటలు ఆమెతోనే సాగుతాయి. నెలసరి రోజుల్లో ఏం చేయాలన్నది ఎవరినీ అడగలేక పిల్లలు ‘జ్వరం’ అని సెలవు చెబుతారు. కప్పు, టాంపన్ గురించి చెప్పి, దిగాలా వద్దా అన్నది పిల్లకే వదిలేస్తే ఆ సెలవులు తగ్గుతాయి. బట్టల సంగతీ అంతే. చున్నీ, వదులైన చుడీదార్ నీటిలో బరువై కాళ్లకు చుట్టుకుంటాయి, మర్యాద కోసం వేసుకున్నవే ముంచుతాయి. పోటీల్లో కూడా ఆడవాళ్లకు భుజం నుంచి మోకాలి దాకా సూటు చెల్లుతుంది. నేర్చుకునే చోట కాళ్లూ చేతులూ కప్పే బిగుతైన సూటు వేసుకున్నా ఈతకు వచ్చిన నష్టం లేదు. ఈ ఒక్క మాట చెప్పి అమ్మానాన్నలను ఒప్పించిన కోచ్ సగం జట్టును సంపాదించినట్టే. పొడుగు జడకు పెద్ద క్యాపు, దిగేముందు మంచినీళ్లతో తల తడుపుకోవడం లాంటివి ఆ తర్వాతి ముచ్చట్లు.

ఆలస్యంగా మొదలుపెట్టిన వాళ్లు ఏం చేయగలరో చూడాలంటే ఎక్కడికో పోనక్కర్లేదు. హైదరాబాద్‌కు చెందిన గోలి శ్యామల యానిమేషన్ రంగంలో పనిచేసి, నలభై దాటాక నీటి భయం పోగొట్టుకోవడానికి ఈత నేర్చుకున్నారు. 2021 మార్చి 19న శ్రీలంక ఒడ్డునుంచి రామేశ్వరం వైపు పాక్ జలసంధిని, దాదాపు 30 కిలోమీటర్లు, 13 గంటల 43 నిమిషాల్లో ఈదారు. బులా చౌదరి తర్వాత ఆ పని చేసిన రెండో మహిళగా వార్తల్లోకి ఎక్కారు. ఆమెను ప్రోత్సహించిన ఐపీఎస్ అధికారి రాజీవ్ త్రివేది 2012లో అదే జలసంధిని ఈదినవారు. బెంగళూరు నిషా మిల్లెట్ కథ మరో తీరు. అయిదేళ్ల వయసులో మునిగిపోబోయి బతికిన పిల్ల, 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 200 మీటర్ల ఫ్రీస్టయిల్ ఈదింది. తర్వాత సొంత అకాడమీ పెట్టి ఇతరులకు నేర్పుతోంది.

పతకాలు పక్కన పెడదాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన 2021లో ప్రపంచమంతటా సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. 2014 జూన్ 8న హిమాచల్‌లోని బియాస్ నదిలో హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. లార్జీ డ్యామ్ నుంచి వదిలిన ఆ నీటి ముందు ఎంత ఈత వచ్చినా నిలవడం కష్టం. అందుకే మంచి కోచ్ ఈతతో పాటు నీటిని చదవడం నేర్పుతుంది: డ్యామ్ దిగువన రాళ్ల మీద ఫొటోలు దిగొద్దు, పూడిక తీసిన చెరువులో గుంటలు పైకి కనిపించవు, మునిగేవాళ్ల కోసం దూకొద్దు. ఒకరి కోసం ఒకరు దూకి ముగ్గురు నలుగురు పోయిన వార్తలు ప్రతి ఎండాకాలం చదువుతున్నాం. పడుకుని కర్ర అందించు, చున్నీలు ముడేసి విసురు, ఖాళీ డబ్బా విసురు, కేకలు వెయ్యి. ఈతలో ముంచే ఆ చున్నీ ఒడ్డున తాడవుతుంది.

కొలను లేదు కదా అని యాజమాన్యాలు అంటాయి. 2002 జాతీయ క్రీడల కోసం గచ్చిబౌలిలో కట్టిన బాలయోగి స్టేడియం ఈతకొలను మనకు దూరమే. కానీ బంగ్లాదేశ్ పల్లెల్లో ఊరి చెరువులోనే వెదురు గడలతో తడిక వేదిక కట్టి, లోతు తెలిసేలా నాలుగు పక్కలా కంచె వేసి, ఊరి యువతకే శిక్షణ ఇచ్చి వేలమంది పిల్లలకు ఈత నేర్పారు. నేర్చుకున్న పిల్లల్లో మునిగి చావడం బాగా తగ్గిందని అక్కడి పరిశోధనలు తేల్చాయి. నీళ్లు శుభ్రమా, లోతు ఎంత అని పరీక్షించి, ఒడ్డున కాపలా పెట్టగలిగితే మన దగ్గరా కుదురుతుంది. అది కుదరకపోతే నాలుగడుగుల లోతు చిన్న తొట్టి చాలు, మొదటి నెల పాఠాలకు అంతకన్నా అక్కర్లేదు. కోచ్‌ల కొరతకూ దారి ఉంది. పటియాలాలో 1961లో మొదలైన జాతీయ క్రీడా సంస్థ నుంచి శిక్షణ పొందినవాళ్లు ఏటా వస్తూనే ఉన్నారు. వాళ్లలో చాలామందికి పని వేసవి మూడు నెలలే, మిగతా ఏడాది వేరే బతుకుదెరువు.

ఇబ్రహీంపట్నం దగ్గర సాగర్ రోడ్డు మీది కాలేజీలు తలా కొంత వేసుకుని, అన్నిటికీ కలిపి ఒక మహిళా కోచ్‌ను ఏడాది పొడవునా జీతం మీద పెట్టుకోవాలి. మొదటి సంవత్సరం అమ్మాయిలందరికీ వారానికి రెండు గంటలు టైమ్‌టేబుల్లోనే రాయాలి, ఐచ్ఛికం అనకూడదు. అమ్మానాన్నలూ, వచ్చే అడ్మిషన్లప్పుడు ల్యాబులూ ప్లేస్‌మెంట్లూ అడిగిన నోటితోనే ‘ఈత నేర్పేదెవరు’ అని కూడా అడగండి.