సున్నానికి తొందర పనికిరాదు

పాత గోడ బాగుచేసే మేస్త్రీ ముందుగా తాపీ పట్టడు. వేళ్ల కణుపులతో గోడను తడతాడు. గట్టిగా పలికితే గచ్చు ఇటుకను పట్టుకునే ఉన్నట్టు. డొల్లగా పలికితే ఊడొచ్చేట్టు. హైదరాబాద్‌లోని కోఠి రెసిడెన్సీ భవనం చూసినప్పుడల్లా నాకు ముందు గుర్తొచ్చేది ఆ పనితనమే.

ఉమెన్స్ కాలేజీగా మనమెరిగిన ఆ భవనాన్ని 1803లో నాటి బ్రిటిష్ రెసిడెంట్ జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ మొదలుపెట్టించాడు. 1857 జులై 17న తిరుగుబాటుదారులు తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ దానిమీద దాడి చేశాక, ఆంగ్లేయులు చుట్టూ గోడలు పెంచి కోటలా మార్చుకున్నారు. 1949లో అక్కడికి ఆడపిల్లల చదువు వచ్చింది. 2002 నాటికి ఆ భవనం వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ వారి ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాకెక్కింది. కోలుకోవడానికి ఏళ్లు పట్టింది.

ఏళ్లు పట్టాల్సిందే, అది సున్నపు కట్టడం మరి. సున్నపురాయిని కాల్చి, నీళ్లు పోసి, వారాల తరబడి నానబెట్టి, ఇసుక కలిపి గానుగలో నూరితే డంగు సున్నం తయారవుతుంది. అందులో కరక్కాయ, బెల్లం నానిన నీళ్లు పోస్తారు. పలచగా ఒక పూత వేసి, అది గట్టిపడ్డాకే రెండోది. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ సున్నం మెల్లగా మళ్లీ రాయవుతుంది.

ఇంత ఓపిక లేక సిమెంటు పూసేస్తున్నాం. అది గోడలోని తేమను బయటికి పోనివ్వదు. తేమతోపాటు కదిలిన ఉప్పు పేరుకుని, లోపల ఇటుక పొడిపొడిగా రాలుతుంది. పైపూత మాత్రం కొన్నాళ్లు నున్నగానే ఉంటుంది. సుల్తాన్ బజార్, గౌలిగూడ సందుల్లో ఎన్నో పాత ఇళ్లు ఇలాగే దెబ్బతింటున్నాయి.

వెనకటివాళ్లు ఏటా తొలకరికి ముందే మిద్దె ఎక్కి చూసుకునేవారు. రావి మొక్క మొలిస్తే వేళ్లతో సహా పీకి, పగులుకు సున్నం పెట్టేవారు. ఇంటిని నిలబెట్టింది ఆ చిన్న చిన్న పనులే. కూలబోయే వేళ కోట్లు కుమ్మరించే మనం, ఏటేటా చేయాల్సిన ఈ కాస్త పనికి డబ్బు కేటాయించం. చేసే మేస్త్రీలనూ తయారు చేసుకోం.

ఆ కాలేజీ ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం. సున్నపు పనిని అక్కడే ఒక కోర్సుగా నేర్పాలి. పాఠానికి కావలసిన గోడలు ఆ ప్రాంగణంలోనే ఉన్నాయి. నేర్చుకున్న అమ్మాయిలకు ఈ నగరంలో పనికి కొదవుండదు.