మణికట్టు నుంచి మొన దాకా

రోకలికీ చేతికర్రకీ అడుగున పొన్ను వేయడం మనవాళ్లకు ఏనాటి నుంచో తెలుసు. కర్ర ముందుగా అరిగేది నేలను తాకే చోటే. అక్కడ కాస్త ఇనుము తొడిగితే కర్ర ఆయుష్షు పెరుగుతుంది. కొండదారుల్లో రోజుల తరబడి నడిచేవాళ్లు వాడే ట్రెక్కింగ్ పోల్ కూడా ఇలాంటి ఆలోచనలతోనే తయారైంది. తక్కువ ధరలో మంచి జత కావాలంటే మన ఒంటి బరువు పోల్‌లోకి ఏ దారిన దిగుతుందో ఆ దారి వెంటే చూసుకుంటూ పోవాలి.

ఆ దారి మణికట్టు దగ్గర మొదలవుతుంది. పట్టీలోకి చేతిని పైనుంచి దూర్చకూడదు. కింది నుంచి పైకి పోనిచ్చి, పట్టీని కూడా కలుపుకుని పిడిని పట్టుకోవాలి. అప్పుడు బరువంతా పట్టీ మీద పడుతుంది, వేళ్లు వదులుగా ఉన్నా సరిపోతుంది. రోజంతా పిడికిలి బిగించి నడిచే బాధ తప్పుతుంది. అందుకే పట్టీ వెడల్పుగా, అంచులు మెత్తగా ఉండాలి. పిడి సంగతికొస్తే, రబ్బరుది ఎండలో చెమటకు జారి అరచేతిని బొబ్బలెక్కిస్తుంది. మన వాతావరణానికి ఫోమ్, కార్క్ నయం. కొన్నిటికి పిడి కింద మరో జానెడు ఫోమ్ తొడుగు ఉంటుంది. నిటారు ఎక్కుడు వచ్చినప్పుడు పొడవు మార్చకుండా చేతిని కిందికి దించి పట్టుకోవడానికి అది.

పిడి కింద ఒకదానిలో ఒకటి ఇమిడే మూడు గొట్టాలు ఉంటాయి. కార్బన్ ఫైబర్‌వి తేలిక. కానీ రాళ్ల సందులో ఇరుక్కుని పక్కకు ఒత్తిడి పడితే పుటుక్కున విరుగుతాయి. అల్యూమినియంవి ముందు వంగుతాయి. వంగిన గొట్టంతో ఎలాగోలా ఊరు చేరవచ్చు, విరిగినదానితో కుదరదు. 7075 అని రాసి ఉంటే అది జింకు కలిసిన గట్టి అల్యూమినియం మిశ్రమం, విమాన భాగాలకు వాడే రకం. జత బరువు సుమారు అర కిలో. దూర ప్రయాణానికి, చిన్న బడ్జెట్‌కు ఇదే తగినది.

పనితనమంతా గొట్టాలు కలిసే చోట, బిగింపులో ఉంది. జర్మనీకి చెందిన లేకి సంస్థ 1974లో మకాలు పేరుతో పొడవు మార్చుకునే పోల్ తెచ్చింది. బిగింపుల్లో మెలితిప్పే రకం, లివర్ రకం ముఖ్యమైనవి. మెలితిప్పే రకంలో లోపలి గొట్టం కొసన ఒక మర, దాని మీద చీలికలున్న ప్లాస్టిక్ గుబ్బ ఉంటాయి. గొట్టాన్ని తిప్పితే శంకువులాంటి ముక్క గుబ్బలోకి చొరబడి దాన్ని ఉబ్బిస్తుంది. ఉబ్బిన గుబ్బ బయటి గొట్టం లోపలి గోడను అదిమి పట్టుకుంటుంది. చక్కని ఉపాయమే. కానీ తడి, దుమ్ము లోపలికి చేరితే గుబ్బ జారుతుంది, జారిందని బయటికి కనపడదు. లివర్ రకంలో పట్టు బయటే ఉంటుంది. గొట్టాన్ని చుట్టిన పట్టాను లివర్ మొదలులోని ఎగుడుదిగుడు వంపు లాగి బిగిస్తుంది. ఆ వంపు గరిష్ఠ బిగువును దాటి అవతలికి ఒరుగుతుంది కాబట్టి లివర్ తనంతట తాను తెరుచుకోదు. పక్కనున్న చిన్న స్క్రూతో బిగువు సరిచేసుకోవచ్చు. కొనేటప్పుడు పోల్‌ను చాచి, బిగించి, రెండు చేతులతో బరువంతా మోపి చూడాలి. గొట్టం మీద ‘స్టాప్’ గీత దాటి ఎప్పుడూ లాగకూడదు.

చివరికి మొన. టంగ్‌స్టన్ కార్బైడ్‌తో చేసిన ఆ చిన్న ముక్క కొస లోపలికి గుంటగా ఉంటుంది, చుట్టూ ఉన్న అంచు రాతిని పట్టుకుంటుంది. దాన్ని మోసే ప్లాస్టిక్ ముక్క గొట్టం కొసకు కేవలం బిగుతుతోనే తొడిగి ఉంటుంది. మొన సందులో ఇరుక్కుంటే గొట్టం కన్నా ముందు విరిగేలా చేసిన ప్లాస్టిక్ అది. అరిగినా విరిగినా ఊడబెరికి కొత్తది తొడగొచ్చు. మొనకు కాస్త పైన ఉండే పళ్లెంలాంటి బాస్కెట్ బురదలో పోల్ దిగబడకుండా ఆపుతుంది.

ఇన్ని భాగాలూ కలిసి చేసే మేలు దిగుడు దారిలో తెలుస్తుంది. సాల్జ్‌బర్గ్ పరిశోధకులు 1999లో ప్రచురించిన అధ్యయనంలో, దిగేటప్పుడు పోల్స్ వాడితే మోకాలి మీద పడే బలాలు 12 నుంచి 25 శాతం దాకా తగ్గాయి. సమతలంలో మోచేయి లంబకోణంలో ఉండే పొడవు సరిపోతుంది. ఎక్కేటప్పుడు 5 నుంచి 10 సెంటీమీటర్లు తగ్గించి, దిగేటప్పుడు అంతే పెంచుకోవాలి. రాత్రి గొట్టాలు విడదీసి ఆరబెడితే లోపల తుప్పు పట్టదు.

నా జత ఖరీదైనది కాదు. ఒక కొండ నడకలో రెండో రోజు దిగుడులో ఎడమ పోల్ కాస్త కుంగింది. ఆగి, జేబులోని రూపాయి బిళ్లతో స్క్రూను పావు చుట్టు తిప్పాను. మళ్లీ బరువు మోపితే కదల్లేదు. తయారు చేసినవాళ్లు ఆ స్క్రూను నా చేతికి అందేలా బయట పెట్టారు కాబట్టే నడక ఆగలేదు.